సమాధానం: ఆఫీసు పనులు, ఇంటి పనులు ఒకేచోట

నమస్కారమండి. హనుమకొండ ఆఫీసు పనులను యాప్‌లోనూ, ఇంటి పనులను డైరీలోనూ రాసుకోవడం వల్ల కరెంటు బిల్లు గడువు దాటిపోయిందని రాశారు. చేయవలసిన పనుల జాబితాలు రాసుకునే గూగుల్ టాస్క్స్ యాప్‌లోనే ‘ఆఫీసు’, ‘ఇల్లు’ అని రెండు జాబితాలు పెట్టుకోండి. తేదీ వేసిన పని ఏ జాబితాలోదైనా గూగుల్ క్యాలెండర్‌లో ఆ రోజు కింద కనబడుతుంది కాబట్టి, మూడింటి మీటింగునూ, సాయంత్రం అమ్మగారిని కాజీపేట స్టేషన్‌లో దింపడాన్నీ కలిపి చూసుకోవచ్చు. అయితే అన్నింటికీ తేదీలు వేయకండి, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. నిజంగా గడువున్న వాటికే తేదీ వేసి, ఈ వారం ముట్టుకోవలసిన వాటికి నక్షత్రం గుర్తు పెడితే, రెండు జాబితాల్లోని ఆ పనులన్నీ ఒకే వరుసలోకి వస్తాయి. ‘కుళాయి సంగతి’ అని కాక ‘ప్లంబర్‌కు ఫోన్ చేయాలి’ అని రాయండి. ఆఫీసు రహస్య వివరాలను మాత్రం సొంత ఖాతాలో పెట్టవద్దు. ‘ఫైలు చూడాలి’ అంటే చాలు.