కిబెరా చూసొచ్చాక

ప్రశ్న: కాలేజీ ట్రిప్‌లో కెన్యా రాజధాని నైరోబీ వెళ్లి కిబెరా బస్తీ చూశాను. తుప్పు పట్టిన రేకుల ఇళ్లు, మధ్యలోంచి రైలు పట్టాలు. వచ్చాక కూడా మనసు కుదుటపడట్లేదు. వాళ్లు వేరే చోటికి ఎందుకు వెళ్లరు?
– ఓ విద్యార్థిని, మెహిదీపట్నం, హైదరాబాద్

జవాబు: ఎక్కడికి వెళ్తారమ్మా? బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన, సూడాన్ మూలాలున్న నూబియన్లకు అడవిలో ఇచ్చిన జాగా అది, భూమి హక్కు పత్రాలు మాత్రం ఇవ్వలేదు. 1963లో కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చాకా భూమి చాలావరకు సర్కారుదిగానే ఉండిపోయింది, పని కోసం వచ్చినవాళ్లు అక్కడ గదులు అద్దెకు తీసుకున్నారు, నీళ్లు కూడా 20 లీటర్ల డబ్బాల లెక్కన కొంటారు, అదీ ఇంట్లో పైపు ఉన్నవాళ్ల కంటే ఎక్కువ ధరకి. నాకు అన్నిటికంటే బాధనిపించేది ఇదే. పది లక్షల మంది ఉంటారని రాసేవారు గానీ 2009 జనాభా లెక్కల్లో తేలింది సుమారు 1.7 లక్షలు. పనికి నడిచి వెళ్లేంత దగ్గర కాబట్టే వదలరు. మన మూసీ ఒడ్డు బస్తీల వాళ్లు దూరంగా ఇల్లిస్తామంటే టెన్షన్ పడేదీ అందుకే. అక్కడ నీతో మాట్లాడినవాళ్లు ఏమన్నారో ఈసారి రాయి.