కూర్చోవాలనుకుంటున్న మా అమ్మాయికి

చిరంజీవి తల్లికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చైనా, జపాన్‌లలో పెరిగిన బౌద్ధశాఖ జెన్ పద్ధతిలో ధ్యానం మొదలుపెట్టాలని ఉందన్నావు, వెంటనే మూడు ప్రశ్నలు వేశావు. "నేను" అనేదే లేకపోతే కూర్చునేదెవరు? దేవుడి మీద గట్టి నమ్మకం లేనిదాన్ని, నేను కూర్చోవచ్చా? విశ్వంతో ఒకటైపోవడం అంటే ఎలా ఉంటుంది? వాటి సంగతి తర్వాత. ముందు ఎలా కూర్చోవాలో తెలుసుకో. కూర్చోకుండా ఈ ప్రశ్నల్ని ఎంత నలిపినా మాటలే మిగులుతాయి.

దుప్పటి ఒకటి గట్టిగా మడిచి పిరుదుల కింద పెట్టుకో. నడుము మోకాళ్ళకంటే కాస్త ఎత్తులో ఉండాలి, మోకాళ్ళు రెండూ నేలకు ఆనాలి. పద్మాసనం రాకపోతే అర్ధపద్మాసనం, అదీ రాకపోతే కుర్చీ. కుర్చీలో అయితే వెనక్కి వాలకు. వెన్ను నిటారుగా ఉంచు, గడ్డం కొంచెం లోపలికి తీసుకో. కుడి అరచేతి మీద ఎడమ అరచేయి, బొటనవేళ్ళ కొనలు తగిలీ తగలనట్టు. కళ్ళు పూర్తిగా మూయకు. సగం తెరిచి, మూడడుగుల దూరంలో నేలమీద చూపు వదిలెయ్. కళ్ళు మూస్తే నిద్రైనా వస్తుంది, కలలైనా వస్తాయి. ఊపిరి బయటికి పోయినప్పుడల్లా ఒక అంకె, ఒకటి నుంచి పది దాకా. మధ్యలో లెక్క తప్పితే విసుక్కోకుండా మళ్ళీ ఒకటి. మొదట్లో ఇరవై నిమిషాలు చాలు. రోజూ ఒకే వేళకి, ఒకే చోట.

ఇంతేనా అనుకుంటావు. 1227లో చైనా నుంచి జపాన్‌కు తిరిగొచ్చిన జెన్ గురువు డోగెన్ జనానికి రాసిచ్చిన సూచనల్లో కూడా ఇలాంటివే ఉంటాయి: కాళ్ళు ఎక్కడ, చేతులు ఎక్కడ, నాలుక ఎక్కడ ఆనాలి. ఒళ్ళు ఎలా పెట్టాలో అంత శ్రద్ధగా చెప్పాడంటే, మనసును విడిగా పట్టుకుని సరిచెయ్యడం కుదరదని ఆయనకు తెలుసు.

ఇక నీ మొదటి ప్రశ్న. జెన్‌ను చైనాకు తెచ్చాడని చెప్పుకునే బోధిధర్ముడి దగ్గరికి హుయికె అనే శిష్యుడు వచ్చి, "నా మనసుకు శాంతి లేదు, శాంతపరచండి" అన్నాడట. "సరే, ఆ మనసును తీసుకురా, శాంతపరుస్తాను" అన్నాడు గురువు. "ఎంత వెతికినా దొరకలేదు" అన్నాడు శిష్యుడు. "అయితే శాంతపరిచేశాను" అన్నాడు గురువు. ఈ కథ విని నవ్వుకుని వదిలేసేవాళ్ళే ఎక్కువ. నువ్వలా చెయ్యకు. అందులో "వెతికినా" అన్న మాట మీద ఆగు. హుయికె నిజంగా వెతికాడు. నువ్వూ వెతకాలి. కోపం వచ్చిన క్షణంలో కోపపడే "నేను" ఎక్కడుందో చూడు. ఛాతీలో బిగువు ఉంటుంది, నిన్నటి మాట ఒకటి గుర్తొస్తుంది, పళ్ళు బిగుస్తాయి. వీటన్నిటి వెనక కూర్చున్న యజమాని మాత్రం కనపడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన ఇళ్ళల్లో చిన్నప్పటి నుంచి వేదాంతం విన్నవాళ్ళం కదా, "ఓహో, అహం బ్రహ్మాస్మి అన్నదే ఇది" అని వెంటనే ముడిపెట్టేస్తాం. తొందరపడకు. ఏది గొప్పదన్న వాదన మనకొద్దు. కానీ చిన్న నేనును తీసేసి దాని స్థానంలో పెద్ద నేనును కూర్చోబెట్టడం జెన్ చెప్పే పని కాదు. ఏ నేనునూ కూర్చోబెట్టని ఈ చూపు బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడి నుంచి వచ్చింది. ఆత్మే ఈ దేహమూ మనసూ అయితే వాటితోపాటే పుట్టి పోవాలి, వేరే అయితే దానికి వీటి గుణం ఒక్కటీ ఉండకూడదు అంటాడాయన మూలమధ్యమకకారిక అనే తన గ్రంథంలో. ఏదైనా మరోదాని మీద ఆధారపడే ఉంటుంది, ఒంటరిగా నిలబడేది ఏదీ లేదు. సంప్రదాయం మన నాగార్జునకొండతో ముడిపెట్టిన ఆయన్నే జెన్ గురుపరంపరలో పద్నాలుగోవాడిగా లెక్కిస్తారు. జపాన్‌లో సోటో అనే జెన్ శాఖ మఠాల్లో పరంపర పఠించేటప్పుడు "నాగ్యహరాజున" అని ఆ పేరు ఇప్పటికీ పలుకుతారు. అది తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

నమ్మకం గురించి నువ్వు బెంగ పడాల్సిన పనే లేదు. కూర్చోవడానికి మూడు కావాలన్నారు: మహా విశ్వాసం, మహా సందేహం, మహా సంకల్పం. పదమూడో శతాబ్దంలో చైనా గురువు గావ్‌ఫెంగ్ చెప్పిన మాట ఇది, తర్వాత జపాన్‌లో హకుఇన్ అనే జెన్ గురువు దీన్ని గట్టిగా పట్టుకున్నాడు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా కాలు విరిగిన మూడుకాళ్ళ పాత్రలా అవుతుందన్నాడు గావ్‌ఫెంగ్. నీ దగ్గర సందేహం బోలెడుంది కదా, మూడింట ఒకటి ఇప్పటికే చేతిలో ఉన్నట్టు. ఇక్కడ విశ్వాసం అంటే ఎవరో చెప్పింది కళ్ళు మూసుకుని ఒప్పుకోవడం కాదు. బుద్ధుడు చూసింది చూడ్డానికి నీకు ఏదీ తక్కువ లేదని నమ్మడం, అంతే. కూర్చోవాలనిపించని రోజున కూడా వెళ్ళి దుప్పటి పరుచుకుంటావే, నీ విశ్వాసం అంతా ఆ పరుచుకోవడంలోనే ఉంది.

మూడో ప్రశ్న చదివినప్పుడు మాత్రం నాకు కొంచెం భయమేసింది. విశ్వంతో ఒకటయ్యే అనుభవం కోసమే కూర్చుంటే రోజూ నిరాశతో లేస్తావు. ఒక్కోసారి వెలుగులు కనపడతాయి, ఒళ్ళు తేలిపోయినట్టుంటుంది, ఎక్కడలేని ఆనందం పొంగుతుంది. వీటిని మాక్యో అంటారు. భయపడకు, మురిసిపోకు, మళ్ళీ అంకెకి వచ్చెయ్. 1233లో డోగెన్ రాసిన ఒక వ్యాసంలో ఉంది: తనను తాను ముందుకు నెట్టుకుంటూ పోయి వస్తువుల్ని తెలుసుకోవాలనుకోవడం భ్రమ, వస్తువులే ముందుకొచ్చి మనల్ని తెలియజేయడం మేలుకోవడం. పొద్దున నువ్వు కూర్చున్నప్పుడు పక్కింటి మిక్సీ మోగుతుంది. "అబ్బా, నా ధ్యానం పాడైంది" అనేది వచ్చేలోపు, ఒక్క క్షణం మోత మాత్రమే ఉంటుంది. వినేది వేరు, వినబడేది వేరు అన్న గీత అప్పటికి ఇంకా పడదు. అలాంటి క్షణాలు నీకు రోజూ ఉన్నాయి. వాటిని వేటాడకు.

ఇంకోటి. లేచాక చేసే పనుల్ని తక్కువ చూడకు. డోగెన్ చైనాలో తియాన్‌తోంగ్ కొండ మీది మఠంలో ఉన్నప్పుడు, మండుటెండలో నెత్తిన టోపీ కూడా లేకుండా పుట్టగొడుగులు ఆరబోస్తున్న ముసలి వంటాయన్ని చూశాడు. అరవై ఎనిమిదేళ్ళు, నడుము విల్లులా వంగిపోయింది. "ఈ పని కుర్రాళ్ళకి చెప్పొచ్చు కదా?" అంటే, "వాళ్ళు నేను కాదుగా" అన్నాడు. "మరి ఇంత ఎండలో ఇప్పుడే ఎందుకు?" అంటే, "ఇంకెప్పటిదాకా ఆగను?" అన్నాడు. అంతా ఒకటే అని తెలిసినవాడు "వాళ్ళు నేను కాదు" అనడమేమిటి? దీన్ని నీకు నేను విప్పి చెప్పను, గిన్నెలు తోముకునేటప్పుడు తిప్పి తిప్పి చూసుకో.

కూర్చున్నప్పుడు మోకాలు నొప్పి పదునుగా పోటు పెడితే ఓర్చుకోకు, కాలు మార్చు. తిమ్మిరి సంగతి వేరు, అది లేచాక పోతుంది. పాత బాధలు పైకొచ్చి ఊపిరాడనట్టు అయినా, దిగులు రోజుల తరబడి వదలకపోయినా, కూర్చోవడం ఆపి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళు. అలాంటప్పుడు ధ్యానం పెంచితే తగ్గుతుందని ఎవరైనా అంటే వినొద్దు.

కొన్ని నెలలు నిలకడగా కూర్చున్నాక గురువు అవసరం తెలుస్తుంది. పుస్తకాలతో ఎక్కువ దూరం పోలేం. కొడైకెనాల్ దగ్గర పెరుమాళ్‌మలైలో బోధి జెందో అనే జెన్ ధ్యానకేంద్రం ఉంది. జపాన్‌లోని కమకురాలో జెన్ గురువు యమదా కోఉన్ దగ్గర నేర్చుకున్న, జెసూట్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన ఫాదర్ అమా సామి పెట్టిన చోటు. వెళ్ళాలనుకుంటే ముందే రాసి అడుగు. స్వెటర్ తప్పకుండా పెట్టుకో, కొండమీద రాత్రిళ్ళు చలి గట్టిగానే ఉంటుంది. అమ్మకి చెప్పే వెళ్ళు.

ప్రేమతో,
పెద్దమ్మ