జెయింట్ సెల్ ఆర్టిరైటిస్‌ను బయాప్సీ లేకుండా అల్ట్రాసౌండ్‌తోనే నిర్ధారించవచ్చా?

చాలామందిలో నిర్ధారించవచ్చు, కానీ లక్షణాలు, రక్తపరీక్షలు కూడా స్కాన్‌తో సరిపోలాలి. ఇది సాధారణంగా 50 ఏళ్లు దాటినవారికి వచ్చే ధమనుల వాపు జబ్బు. మన దేశంలో అరుదు. వాచిన ధమని గోడలో నీరు చేరి మందమవుతుంది. రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపే డాప్లర్ అల్ట్రాసౌండ్ స్కాన్‌లో రక్తం పారే రంగు దారి చుట్టూ అది నల్లటి వలయంలా కనిపిస్తుంది. చర్మంపై ఆనించే స్కాన్ పరికరంతో (ప్రోబ్) నొక్కితే మామూలు కణత ధమని అణిగి కనిపించకుండా పోతుంది, వాచిన గోడ మాత్రం అణగదు. చేసేవారికి అనుభవం ఉండాలి, అసలు చిక్కంతా అక్కడే.

ఉదాహరణకు, 72 ఏళ్ల ఆమెకు కొత్తగా కణతల నొప్పి, అన్నం నములుతుంటే దవడ పీకుడు, ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ బాగా ఎక్కువ. స్కాన్‌లో రెండు కణతల దగ్గరా వలయం ఉంటే సాధారణంగా బయాప్సీ అక్కర్లేదు.

‘స్కాన్ నార్మల్ అంటే జబ్బు లేనట్టే’ అనుకోవడం పొరపాటు. వాపు ఛాతీలోని పెద్ద ధమనుల్లో ఉండొచ్చు. ఈ జబ్బుకు ఇచ్చే స్టెరాయిడ్ మందు మొదలెట్టిన కొద్ది రోజులకే వలయం మసకబారవచ్చు కూడా. అలాగని అనుమానం గట్టిగా ఉన్నప్పుడు స్కాన్ కోసం స్టెరాయిడ్ ఆపరు, ఎందుకంటే ఈ జబ్బు వల్ల చూపు పోతే తిరిగి రావడం కష్టం.