తోటలో టూరిస్టులకు గదులు వేసుకోవడానికి చట్టం ఎందుకు?

భీమిలి వైపు మూడెకరాల తోట ఉంది, టూరిస్టుల కోసం నాలుగు గదులు వేసుకుంటానంటే మధ్యలో చట్టం దేనికి అని మీరు అడిగారు. గదులు వేసుకోండి, తప్పు లేదు. ఆ గదుల వెనక తోట తోటలాగే మిగలాలంటే మాత్రం చట్టం ఉండాల్సిందే.

మాది ఆనందపురం పక్క. మెట్టలో మామిడి, జీడి, పల్లంలో వరి. ఎండాకాలం ఆదివారాలు వైజాగ్ నుంచి కుటుంబాలు వస్తాయి, పిల్లలు జీడిపండు కోసి గింజ మెలితిప్పి తీస్తారు, పచ్చి గింజ కొరికితే మూతి పొక్కిపోతుంది కాబట్టి పక్కన ఒకళ్లం ఉండాల్సిందే. అమ్మ వండింది తిని సాయంత్రానికి వెళ్లిపోతారు. రాత్రికి ఉంటామన్నారని రెండు గదులకి అనుమతి అడిగితే, ముందు భూమిని వ్యవసాయేతరంగా మార్చుకోమన్నారు. మార్చాక అది పొలమెలా అవుతుంది?

మా ఎగువ తోట అలాగే పోయింది. ఫామ్ ప్లాట్లని సెంట్ల లెక్కన అమ్మేశారు, ప్లాటుకి నాలుగు కొబ్బరి మొక్కలు, చుట్టూ గోడ. చెరువుకి నీళ్లు తెచ్చే గెడ్డ ఆ గోడ కింద పూడిపోయింది, ఇప్పుడు గట్టి వాన పడితే నీళ్లన్నీ మా మళ్లలోనే నిలిచిపోతాయి, చెరువేమో సగం కూడా నిండదు.

సాగు భూమిని వ్యవసాయేతరంగా మార్చుకోవడానికి ఉన్న 2006 నాటి నాలా చట్టాన్ని 2025లో రద్దు చేశారు. మార్చుకునేవాళ్లకి పని తేలికైంది, మార్చకుండా సాగు చేసుకునేవాడికి ఒరిగిందేమీ లేదు.

ఇటలీలో పొలంలో అతిథుల్ని ఉంచుకోవడానికి 1985లోనే చట్టం వచ్చింది, 2006లో కొత్తగా రాశారు. సాగే ప్రధానంగా ఉండాలి, అతిథుల కోసం పొలంలో అప్పటికే ఉన్న కట్టడాలనే వాడాలి అంటుంది. అతిథులు పది మందికి మించకపోతే సాగే ప్రధానమని ఒప్పేసుకుంటారు, చిన్న రైతుకి ఆ టెన్షన్ లేదు. మహారాష్ట్ర కూడా 2020లో ఒక పాలసీ తెచ్చింది.

మనం ఊళ్లో ఉండి పొలానికి వెళ్లేవాళ్లం, పొలంలో పాత ఇళ్లు ఉండవు. అందుకని కొన్ని సెంట్లలో కట్టుకోనివ్వాలి, మిగతా భూమి రికార్డులో వ్యవసాయ భూమిగానే ఉండాలి. ఆ అనుమతిని ఏటా ఈ-క్రాప్ నమోదుకి, అంటే ఏ పొలంలో ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే లెక్కకి ముడిపెట్టాలి, పంట ఆగిన ఏడాది గదులకీ తాళం పడాలి. గెడ్డకి, చెరువుకి అడ్డమొస్తే అసలు ఇవ్వకూడదు. అరకు, పాడేరు వైపు 1/70 చట్టం గిరిజనుల భూమికి కాపలా, టూరిజం పేరు చెప్పి దాన్ని ముట్టుకోనివ్వకూడదు.

మీరైతే ముందు రైతు సేవా కేంద్రానికి వెళ్లి మీ తోట ఈ-క్రాప్‌లో ఎక్కిందో లేదో చూసుకోండి.