లైబ్రరీ నుంచి హాస్టల్‌కి వస్తుంటే వెంటపడే బైకు

చెల్లీ, రాత్రి తొమ్మిదికి లైబ్రరీ నుంచి వస్తుంటే రెండ్రోజులుగా ఒక బైకు వెంటపడుతోందని, ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని రాశావు. ముందు ఆ దారి మానేయ్. చుట్టయినా సెక్యూరిటీ గేటు ముందు నుంచే నడువు. ఇయర్‌ఫోన్స్ వద్దు, మా రోజుల్లో పాటలు వింటూ నడిచి, వెనక బండి ఆగిన చప్పుడు కూడా నాకు వినబడలేదు.

ఫోన్లో ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ ఆన్ చేసుకో. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ గబగబా ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ నంబరు 112కి కాల్ వెళ్తుంది. బండి నంబరు, టైము రాసి వార్డెన్‌కి కాగితం మీదే ఇవ్వు, నకలు మీద సంతకం పెట్టించుకో. నోటితో చెబితే రేపటికి మర్చిపోతారు. అమ్మాయి వద్దన్నా వెంటపడటం, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద నేరం. అది ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా కేసు పెట్టొచ్చు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు.

ఆర్కే బీచ్ నుంచి ఆటోలో వచ్చినా, నంబరు ప్లేటు ఫొటో రూమ్మేట్‌కి పంపేసే ఎక్కు. ఇంట్లో అంటావా, ముందు అమ్మకి చెప్పు. నాన్నకి ఎలా చెప్పాలో ఆవిడకి తెలుసు.