వెన్న వాసన కొట్టే బీరు

అనంతపురం

అల్లుడూ,

నీ మెసేజ్ మీ అత్త చదివి వినిపించింది. ఇరవై లీటర్ల బీరు వెన్న వాసన కొడుతోందనీ, నారింజ తొక్కలేసి ఆ వాసన కప్పేయాలా, పారబోయాలా అనీ అడిగావు. రెండూ వద్దు. ముందు ఊరికే మూత తీసి చూడటం మానెయ్. గాలి తగిలేకొద్దీ తడిసిన అట్టపెట్టె వాసన పడుతుంది. అది పట్టిందంటే ఇక పోదు.

ఇక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం నేరం. మీ అమెరికాలో 1978లో చట్టం తెచ్చి, ఇద్దరు పెద్దలున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా చేసుకోనిచ్చారు. ఇక్కడ ఇంట్లో చేయకూడదు కాబట్టి నా చదువంతా బ్రూవరీ (బీరు ఫ్యాక్టరీ) ల్యాబ్‌లోదే. అయినా పెద్ద ట్యాంకుకైనా నీ బకెట్‌కైనా బీరును పులియబెట్టే ఈస్ట్ ఒకటే.

ఆ వాసన డయాసిటైల్ వల్ల. మీ అవ్వ పెరుగు చిలికి తీసిన వెన్నకు ఆ కమ్మదనం వచ్చేదీ దాంతోనే. వెన్నలో బాగుంటుంది, నువ్వు చేసే లాగర్‌లో, అంటే చల్లగా ఉంచి నెమ్మదిగా పులియబెట్టే బీరులో, బాగుండదు. పులిసేటప్పుడు ఈస్ట్ ఒక పదార్థాన్ని బయటికి వదులుతుంది, అది మెల్లగా డయాసిటైల్‌గా మారుతుంది. తర్వాత అదే ఈస్ట్ దాన్ని లోపలికి లాక్కుని, వాసన తెలియని పదార్థంగా మార్చేస్తుంది. చలిలో ఈ పనంతా నత్తనడకే. బేస్‌మెంట్‌లో 12 డిగ్రీల్లో ఉంది, ఇది పదో రోజు అంటున్నావు. అంటే నీ బీరు చెడిపోలేదు, ఇంకా తయారవలేదంతే.

బకెట్ పైకి తెచ్చి 18–20 డిగ్రీలుండే గదిలో మూడు రోజులు పెట్టు. మీ ఫారన్‌హీట్ లెక్కలో 64, 68 మధ్య. అడుగున పేరుకున్న ఈస్ట్ లేచేలా బకెట్‌ను నెమ్మదిగా ఒకసారి గుండ్రంగా తిప్పు. మజ్జిగలా చిలికేవు!

మూడో రోజు చిన్న పరీక్ష చెయ్. మూతలున్న రెండు గాజు సీసాల్లో కొంచెం కొంచెం బీరు పోయి. ఒకదాన్ని 60 డిగ్రీల వేడి నీళ్లలో ఇరవై నిమిషాలుంచి చల్లార్చు, రెండోదాన్ని అలాగే వదిలెయ్. రెండూ వాసన చూడు. వేడి చేసినదాంట్లో మాత్రమే వెన్న వాసన వస్తే, డయాసిటైల్‌గా మారే ఆ ముడిసరుకు ఇంకా మిగిలుందన్నమాట. మరో రెండు రోజులు ఆగు. రెండింట్లోనూ రాకపోతేనే సీసాల్లో పట్టు.

ఈ పరీక్ష మీద ఇంత పట్టు ఎందుకంటే, మా బ్రూవరీలో ఒక ఎండాకాలం డిమాండ్ టెన్షన్‌లో పైవాళ్లు తొందరపెడితే ట్యాంకు ముందే చల్లబరిచాం. ఆ రోజు వాసన లేదు. గోడౌన్‌లో మన అనంతపురం ఎండ తగిలాక సీసా సీసాకూ వెన్నే. ట్యాంకు సరేనని పెట్టిన సంతకం నాది!

వారమైనా పోకపోతే ఈస్ట్ అలసిపోయినట్టే. కొత్త ఈస్ట్‌ను విడిగా కొంచెం మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నీళ్లలో లేపి, బాగా పొంగుమీద ఉన్నప్పుడు కలుపు.

పచ్చి ఆపిల్ వాసనకూ ఇదే మందు, ఈస్ట్ మీదే ఇంకొన్ని రోజులు ఉంచడం. కుళ్లిన గుడ్డు వాసన లాగర్‌లో మామూలే, గ్యాస్‌తో పాటు పోతుంది. డెట్టాల్ లాంటి వాసనైతే కుళాయి నీళ్లలోని క్లోరిన్ పని, ఆ బీరుకు మందు లేదు. ఈసారి 20 గ్యాలన్ల నీళ్లకు, క్లోరిన్‌ను విరిచేసే క్యాంప్‌డెన్ మాత్ర ఒకటి వేసుకో.

వెన్నతో పాటు పులుపు కూడా ఉండి, బీరు జిగురుగా తీగలా సాగితే మాత్రం బ్యాక్టీరియా చేరినట్టు. పొద్దున తియ్యగా దించిన ఈతకల్లు సాయంత్రానికి ఎట్లా పులుస్తుందో చూశావుగా. కల్లులో అది సహజం. లాగర్‌లో అయితే సీసాలు పేలే ప్రమాదం ఉంది, దయ తలచకుండా పారబోయి. లోపల గీతలు పడి ఉంటే బకెట్ కూడా పారెయ్, ఆ గీతల్లో చేరిన బ్యాక్టీరియా ఎంత కడిగినా పోదు.

పరీక్ష అయ్యాక ఫోన్ చెయ్. మీ అమ్మ అడిగితే పెరుగు తోడు గురించి మాట్లాడుకున్నామని చెప్తాలే.

మామ