సెల్లార్ల పడున్న యెజ్డీ గురించి అల్లుడికి

నల్లగొండ

అల్లుడా,

మీ సెల్లార్ల పడున్నది, నువ్వు తీస్కుందామంటున్న ఆ పాత మోటారు సైకిల్ ఫొటోలు అందినయ్. అద్దాలు పెట్టుకుని, ఫోన్ల పెద్దగ చేసి చూసిన. జావానో యెజ్డీనో, ఆ జాతే, అనుమానం లేదు. ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు, కోడిగుడ్డు లెక్క నున్నగ ఇంజను, ఎడమ దిక్కు ఒక్కటే కడ్డీ. ఆ కడ్డీనే గేరు, దాన్నే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు. ఇట్లాంటి ఏర్పాటు మన రోడ్ల మీద ఇంకో బండికి చూడలే. నీ కన్ను మంచిదే. మీ అమ్మ మాత్రం "తుప్పు సామాను మీద పడ్డడు, నువ్వన్న చెప్పు తమ్ముడూ" అని ఫోన్ చేసింది. చెప్త అన్న. ఏం చెప్తనో చెప్పలే.

వాచ్‌మన్ రెండు వేలకు తీస్కపొమ్మన్నడని రాసినవ్. ఆ రెండు వేలు ఇయ్యకు. సెల్లార్ల ఉన్నంత మాత్రాన వాచ్‌మన్ సొత్తు కాదు. అసోసియేషన్ సొత్తు కూడ కాదు. సొంతదారుని వెతకకుండ దొరికిన వస్తువును మనది అనుకుంటే అది చట్టం ముందు నేరమే. పట్నంల వదిలేసిన బండి అన్నదే ఉండదు అల్లుడా. ప్రతి బండి వెనక ఒక మనిషి ఉంటడు. ఇల్లు మారిండో, మంచం పట్టిండో, పోయిండో, అంతే. ముందుగాల ఆ మనిషిని పట్టాలె. బండి ఇన్నేండ్లు ఆగింది, ఇంకో నెల ఆగదా.

ఎట్ల పడ్తవంటే, మొదలు నంబరు ప్లేటు, చేసిస్ (బండి చట్రం) నంబరు, ఇంజను నంబరు మూడూ రాసుకో. నంబర్లు మట్టి కింద ఉంటయ్. కిరోసిన్ గుడ్డతో మెల్లగ తుడువు. ఇసుక కాగితం ముట్టియ్యకు, వైరు బ్రష్షు అసలే వద్దు. ఆ అంకెలు అరిగితే రేపు ఆర్టీఏ ఆఫీసుల అంకెల మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ముద్ర తీసేటప్పుడు నీ బండి నీది కాకుండ పోతది. ప్లేటు మీద మూడు అక్షరాల పాత నంబరు ఉందన్నవ్ గదా, అంటే 1989 కన్న ముందు రిజిస్టరయిన బండి. తర్వాతయితే హైదరాబాద్‌కు ఏపీ 9 నుంచి, మన నల్లగొండకు ఏపీ 24, పాలమూరుకు ఏపీ 22 ఉండె. అంత పాత రికార్డు కంప్యూటర్లకు ఎక్కకపోవచ్చు. ఫోన్ యాప్‌ల రాలేదని ఊకోకు. ఆఫీసుకు పోయి, దరఖాస్తు రాసిచ్చి, పాత రిజిస్టరు చూడమను. తిప్పుతరు. తిరుగు.

ఆఫీసు కన్న తొందరగ పని అయ్యే జాగాలు వేరే ఉన్నయ్. అపార్ట్‌మెంటుల ఫ్లాట్లు మొదటిసారి కొన్నోళ్ళ పేర్లు అసోసియేషన్ పాత పుస్తకంల ఉంటయ్. వాచ్‌మన్లు మారుతరు గాని గేటు పక్క ఇస్త్రీ బండాయన మారడు, ఆయనను అడుగు. గల్లీల ముసలి మెకానిక్ ఎవరన్న మిగిలి ఉంటే ఇంకా మంచిది. యెజ్డీ నడిపినోడు మెకానిక్‌కు తెల్వకుండ ఉండడు.

దొంగ బండి అయితే? ఆ అనుమానం కూడ తీర్చుకోవాలె. జాతీయ నేర రికార్డుల బ్యూరోకు వాహన్ సమన్వయ్ అని వెబ్‌సైట్ ఉంది, నంబర్లు కొడితే దొంగతనం కేసుల ఉందో లేదో చెప్తది. అదొక్కటే నమ్మకు. మీ ఏరియా పోలీసు స్టేషన్ల కూడ ఒక కాగితం రాసిచ్చి, ముద్ర వేయించుకుని నకలు దగ్గర పెట్టుకో. రేపు ఎవడన్న "నా బండి ఎత్తుకపోయిండు" అంటే నీ చేతిల ఏదో ఒకటి ఉండాలె.

ఇదే బండి సెల్లార్ల కాకుండ రోడ్డు మీద ఉంటే లెక్క వేరే. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ జాగాల 10 గంటలు దాటి వదిలేసిన బండిని పోలీసులు లేపుకపోవచ్చు. అట్ల చేరిన వాటికి ప్రకటన ఇస్తరు, సొంతదారులకు గడువు పెడతరు, ఎవరూ రాకుంటే వేలం వేస్తరు. వేలంల కొంటే ఫారం 32తో పేరు మారుతది. కాని ఆ వేలాలల్ల చానా బండ్లు స్క్రాపు కింద లాట్లు లాట్లుగ పోతయ్. స్క్రాపు కింద కొన్నది మళ్ళ రోడ్డెక్కదు. పాట పాడేముందే అడుగాలె.

సరే, మనిషి దొరికిండు అనుకుందాం. "ఎంతకిస్తరు" అని మొదలుపెట్టకు. చాయ్ తాగు, కూసో. ఎవరు కొన్నరు, ఎక్కడెక్కడ తిరిగింది అని అడుగు. పెద్దలు అట్లనే మెత్తవడ్తరు. తర్వాత అసలు ప్రశ్న అడుగు: బండి ఎందుకు ఆగింది? నీ ఖర్చు మొత్తం ఆ జవాబు మీదనే ఉంది. "స్కూటర్ కొన్నం, ఇది పక్కన పెట్టినం" అంటే ఇంజను ఆరోగ్యంగనే ఆగింది, కాలమే పాడుచేసింది. "రోడ్డు మీద పట్టేసింది, నెట్టుకుంట తెచ్చినం" అంటే పిస్టను, సిలిండరు పోయినట్టు. "గేర్లు పడ్తలేకుండె" అంటే ఇంకా లోపలికి పోవాలె. "మా పిల్లగాడు విప్పి చూసిండు" అంటే ధర సగం తగ్గియ్యమను, ఎందుకంటే సగం సామాను గోనె సంచిల ఉంటది, మిగతా సగం ఎక్కడా ఉండదు.

సొంతదారు ఉంటే, పేరు మార్చనీకి ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30 మీద సంతకాలు తీసుకో. ఆర్సీ పోయిందంటే డూప్లికేటుకు ఫారం 26, అది ఆయన పేరు మీదనే పెట్టాలె. పాత లోను పేరు ఆర్సీల మిగిలి ఉంటే దాన్ని తీసేయించనీకి ఫారం 35 కావాలె. ఆయన పోయి ఉంటే ఫారం 31తో ముందు వారసుల పేరుకు మారాలె, దానికి మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల పత్రం. ఇక్కడే చిక్కు. ముగ్గురు కొడుకులుంటే ముగ్గురూ ఒప్పుకోవాలె. ఇన్నేండ్లు ఎవడూ దుమ్ము తుడువని బండి మీద, నువ్వు అడిగిన రోజు నుంచి అందరికీ ప్రేమ పుట్టుకొస్తది. అమెరికాల ఉన్నోడు "అది నాన్న గుర్తు" అంటడు. బతిమాలకు. బాగుచేసి ఒక రోజు తెచ్చి చూపిస్త అని చెప్పు, చూపియ్యి కూడ. నేను చూసినంతల, పైసలకు ఒప్పుకోనోళ్ళు ఆ మాటకు ఒప్పుకుంటరు.

ఏ సంవత్సరం బండి అన్నది కాగితంల చూడు, ట్యాంకు మీది బిళ్ళ చూసి చెప్పకు. మైసూర్ల ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి జావా పేరుతో, 1973 నుంచి యెజ్డీ పేరుతో చేసింది. 1996ల మూతపడ్డది. నడుమ ఎవరి ట్యాంకు ఎవరికి ఎక్కిందో దేవునికెరుక. ఏడాది ఎందుకు ముఖ్యమంటే, 2021ల కేంద్రం వింటేజ్ బండ్లకు రూల్సు తెచ్చింది. 50 ఏండ్లు దాటి, అసలు రూపు మారకుండ ఉన్న బండికి కొత్తగ రిజిస్ట్రేషన్ ఇస్తరు. ఫీజు 20 వేలు, 10 ఏండ్లకు చెల్లుతది, నంబరుల వీఏ అని వస్తది. ముందే నంబరు ఉన్నది పాత నంబరే ఉంచుకోవచ్చు. వినడానికి మంచిగనే ఉంది. కాని ఆ బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో, పెట్రోలుకో తప్ప రోజూ నడపొద్దు. నీకు ఆఫీసుకు పోవాలె, పండగకు మా ఇంటికి రావాలె అని ఉంటే ఆ దారి వద్దు. మామూలు దారిలనే, 15 ఏండ్లు దాటిన బండ్లకు 5 ఏండ్లకోసారి చేసే రెన్యువల్ చేయించు. ఢిల్లీల లెక్క మన దగ్గర 15 ఏండ్ల పెట్రోలు బండి రోడ్డెక్కొద్దు అని లేదు. గ్రీన్ ట్యాక్సు, ఆలస్యపు రుసుము పడతయ్, అవి ఎంతో ముందే అడిగి ధర మాట్లాడేటప్పుడు తీసెయ్యి.

ఇగ ఇంజను సంగతి.

తాళం చేతికి వచ్చిన దినమే కిక్కు కొట్టకు. స్నేహితులు వస్తరు, ఒకడు పెట్రోలు పోస్తడు, ఇంకోడు ఎగిరి తంతడు. లోపల తుప్పు పట్టిన రింగు సిలిండరును గీసేది ఆ ఒక్క తన్నుకే. ప్లగ్గు విప్పి, డీజిల్‌ల కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి పోసి, రెండు మూడు రోజులు వదిలెయ్యి. తర్వాత టాప్ గేర్ల పెట్టి వెనక చక్రాన్ని చేతితో ముందుకు వెనక్కు మెల్లగ కదుపు. కదిలితే సంతోషం. కదలకుంటే మళ్ళ పోసి ఆగు. సుత్తె పట్టినోణ్ణి బండి దగ్గరికి రానియ్యకు.

మీ మలక్‌పేట దిక్కు 2020 అక్టోబరు వానలకు సెల్లార్లు మునిగినయ్. నీ బండి కూడ మునిగిందా లేదా చూడు. గోడ మీద నీళ్ళ గీత ఎంత ఎత్తుల ఉందో, ఇంజను ఎంత ఎత్తుల ఉందో కొలువు. గేరుబాక్సు ఆయిల్ కిందికి దించి చూడు. పాల రంగుల ఉంటే నీళ్ళు పోయినట్టే. అప్పుడు ఇంజను విప్పకుండ స్టార్ట్ చేయాలన్న ఆశ వదులుకో. క్రాంకు (ఇంజను లోపల తిరిగే ఇరుసు) బేరింగులు తుప్పు పట్టి ఉంటయ్, స్టార్టయినా పది కిలోమీటర్ల దాక కూడ రావు.

నీళ్ళు పోకున్నా ఒకటి మాత్రం మార్చక తప్పదు, క్రాంకు ఆయిల్ సీళ్ళు, అంటే ఆ ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు రింగులు. టూ స్ట్రోక్ ఇంజనుకు అవే ఊపిరి. ఏండ్లు ఆగితే రబ్బరు గట్టిపడి గాలి లోపలికి పోతది. గాలి ఎక్కువైతే పెట్రోలు, ఆయిలు తక్కువై ఇంజను కాలి పట్టేస్తది. క్లచ్చు దిక్కు సీలు పోతే గేరుబాక్సు ఆయిల్ లోపలికి గుంజుకుని తెల్ల పొగ గల్లీ నిండ వదుల్తది. పొగ చూసి సిలిండరు లోపల చెక్కించి బోరు చేయించమనే మెకానిక్‌లు ఉన్నరు. ముందు సీళ్ళు అడుగు.

స్పార్కు రాకుంటే కాయిల్ కొనుక్కరాకు. ఈ పాత బండ్లల్ల చానా వాటికి 6 వోల్టుల బ్యాటరీ, డైనమో. బ్యాటరీ చచ్చిపోతే ప్లగ్గుకు నిప్పు ఎక్కడి నుంచి వస్తది? మంచి బ్యాటరీ పెట్టి, ప్లాటినం పాయింట్లు శుభ్రం చేసి, 0.4 మిల్లీమీటర్ల సందు పెట్టి, అప్పుడు చూడు. సగం బండ్లు అక్కడికే పలుకుతయ్. కండెన్సరు మాత్రం కొత్తది వెయ్యి, చవకే.

ట్యాంకు వాసన చూస్తే వార్నిష్ వాసన వస్తది, పాత పెట్రోలు గట్టిపడ్డ వాసన అది. అంత తీసేసి, కిరాణా కొట్ల దొరికే నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్ళల్ల కలిపి ట్యాంకు నింపి ఒక రాత్రి ఉంచు. పొద్దున వంపి, వంట సోడా నీళ్ళతో కడుగు, ఎండల ఆరబెట్టి, ఆరంగనే లోపల 2టీ ఆయిల్ (ఈ టూ స్ట్రోక్ బండ్లకు పెట్రోలుల కలిపే ఆయిల్) తిప్పు. ఆలస్యం చేస్తే సాయంత్రానికే మళ్ళ ఎర్రగయితది. ఆ నీళ్ళు పెయింటు మీద పడనియ్యకు. కార్బొరేటర్ జెట్టుల ఇనుప తీగ దూర్చకు, రంధ్రం పెద్దగయితే మైలేజీ జన్మల రాదు.

పెట్రోలు పైపు, ట్యాపు వాషర్లు కొత్తవి వెయ్యి. ఇప్పుడు బంకులల్ల వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది నీళ్ళు పీల్చుకుంటది, పాత రబ్బరును ఉబ్బిస్తది. నెల రోజులు నడపవు అనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి పెట్టు. లీటరుకు 40 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ కలుపు, బంకుల పిల్లగానికి వదిలిపెట్టక నువ్వే కొలువు.

రంగు గురించి నా మాట వినవని తెలుసు, అయినా చెప్త. కొత్త రంగు వేయించకు. ఫొటోల ట్యాంకు పక్కన చేతితో గీసిన సన్న గీత కనిపిస్తుంది, అది ఫ్యాక్టరీల గీసిందే అనిపిస్తుంది నాకు. కొత్త పెయింటు ఎవడైనా వేస్తడు, ఆ గీత మళ్ళ రాదు. చేసిస్‌కు పౌడర్ కోటింగ్ చేయిస్త అంటివి, నంబరు ఉన్న జాగా మూయకుండ చేయగలిగినోడు దొరికితేనే చేయించు. మందంగ పడితే అంకెలు మునిగిపోతయ్.

సామాన్లకు రాణిగంజ్ల తిరుగు. పుత్లీబౌలి దిక్కు కూడ చూడు. ఎర్రగడ్డ ఆదివారం సంతల దొరికింది కొనకు అనను గాని, పాత పార్టు తీస్కపోయి పక్కన పెట్టి చూసి కొను. అక్కడ దొరకనివి మైసూర్ నుంచి తెప్పిచ్చుకుంటరు. 2018ల జావా, 2022ల యెజ్డీ పేరు మళ్ళ వచ్చింది గదా, ఆ కొత్త బండ్ల సామాను దీనికి ఒక్కటి కూడ రాదు, పేరే ఒకటి. వచ్చిన నష్టం ఏందంటే పాత వాటి ధర పెరిగింది. జూలై రెండో ఆదివారం జావా డే అని ఊరూరా ఈ బండ్లోళ్ళు కలుస్తరు. అక్కడికి పో. ఎవని దగ్గర ఏ పార్టు ఉందో, ఏ మెకానిక్ మాటలోడో, ఏ మెకానిక్ పనోడో ఒక్క పొద్దుల తెలుస్తది.

కాగితాలు అయినంక బండి ఇక్కడికే తే. నడుపుకుంట కాదు, ట్రాలీల. ట్యాంకు ఖాళీ చేసి, హ్యాండిల్‌ను రెండు దిక్కుల తాళ్ళతో కట్టి, సైడు స్టాండు మీద కాకుండ నిలువుగ పెట్టు. విడిపోయిన బోల్టులు, వాషర్లు ఏదీ పారేయకు, అన్నీ డబ్బాల వేసి తే. చౌటుప్పల్ దాటినంక ఫోన్ చెయ్యి, నార్కట్‌పల్లి కాడ కుడికి తిరగకుండ నేరుగ సూర్యాపేట పోయిన డ్రైవర్లను చూసిన. పగటి పూట రా. సీళ్ళు పీకే పుల్లర్ ఉన్నాయన చీకటి పడితే దుకాణం మూస్తడు.

నీ మామ